కమర్షియల్ క్వాంటిటీ గంజాయి కేసులో శిక్ష ఎలా తేలుతుంది?

అమ్మా, మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మీ తమ్ముడు అద్దె కారు నడుపుతాడు. ఇద్దరు ప్రయాణికులను ఎక్కించుకుని వస్తుంటే తనిఖీలో డిక్కీలో 22 కేజీల గంజాయి దొరికింది, వాళ్ళిద్దరినీ ఏ1, ఏ2గా, మీవాణ్ణి ఏ3గా పెట్టారు, నాలుగు నెలల నుంచి రిమాండ్‌లో ఉన్నాడు, ఛార్జిషీటు ఇంకా పడలేదు. "నేరం ఒప్పేసుకుంటే జడ్జి గారు జాలిపడి రెండు మూడేళ్ళతో సరిపెడతారు" అని ఎవరో చెప్పారట. అది నిజమేనా, అసలు ఎన్నేళ్ళు పడుతుంది అని అడిగారు.

నిజం కాదు. నేను ఇరవై ఏళ్ళకు పైగా సెషన్స్ కోర్టుల్లో ఈ కేసులే వాదిస్తున్నాను, ఆ సలహా విని జీవితాలు పోగొట్టుకున్న పిల్లలను చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను. మీ కేసులో మీవాడు నేరం ఒప్పుకుంటే పడేది రెండేళ్ళు కాదు, తక్కువలో తక్కువ పదేళ్ళు.

ఎందుకో చెప్తాను. మత్తుపదార్థాల కేసులన్నీ నడిచే ఎన్‌డీపీఎస్ చట్టం 1985లో వచ్చింది. 1989లో దాన్ని బాగా కఠినం చేశారు, హెరాయిన్ లాంటి వాటిలో కొద్దిగా దొరికినవాడికీ బండెడు దొరికినవాడికీ పెద్ద తేడా లేకుండా పదేళ్ళు పడే పరిస్థితి ఉండేది. అది అన్యాయంగా ఉందని 2001లో సవరించి, దొరికిన బరువును బట్టి మూడు మెట్లు చేశారు. స్మాల్ క్వాంటిటీ, కమర్షియల్ క్వాంటిటీ, ఆ రెంటికీ మధ్యలో ఉన్నది. ఏ మత్తుపదార్థానికి ఎంత అన్నది కేంద్ర ప్రభుత్వం నోటిఫికేషన్‌లో ఇచ్చింది. గంజాయికి స్మాల్ అంటే కేజీ లోపు, కమర్షియల్ అంటే 20 కేజీలు దాటినది. హెరాయిన్‌కి 5 గ్రాములు, 250 గ్రాములు. చరస్‌కి 100 గ్రాములు, ఒక కేజీ. కొకైన్‌కి 2 గ్రాములు, 100 గ్రాములు. కుర్రాళ్ళు పార్టీల్లో వాడే ఎండీఎంఏకైతే అర గ్రాము, 10 గ్రాములు, అంటే చిన్న పొట్లంతోనే కమర్షియల్ అయిపోతుంది.

స్మాల్ అయితే ఏడాది వరకు జైలు లేదా పదివేల వరకు జరిమానా, లేదా రెండూ. మధ్య మెట్టు అయితే పదేళ్ళ వరకు జైలు, లక్ష వరకు జరిమానా, ఇక్కడ కనీసం ఇంత వేయాలన్న మాట లేదు. కమర్షియల్ అయితే పదేళ్ళకు తగ్గకుండా, ఇరవై ఏళ్ళ వరకు కఠిన కారాగారం, జరిమానా లక్షకు తగ్గకూడదు, రెండు లక్షల వరకు, కారణాలు రాస్తే అంతకు మించి కూడా వేయవచ్చు.

19 కేజీల 900 గ్రాములతో దొరికినవాడికి జడ్జి గారు రెండేళ్ళు వేయవచ్చు, మూడేళ్ళు వేయవచ్చు, అప్పటికి రిమాండ్‌లో గడిపిన కాలమే శిక్షగా లెక్కగట్టి పంపించవచ్చు కూడా. అదే మనిషి, అదే వయసు, అదే పేదరికం, 20 కేజీల 100 గ్రాములతో దొరికితే పదేళ్ళ కిందికి రావడానికి జడ్జికి దారి లేదు. 200 గ్రాముల తేడా. అందుకే మా దగ్గరికి వచ్చే కుటుంబాలకు నేను ఎప్పుడూ చెప్పేది, కమర్షియల్ కేసులో శిక్ష తీర్పు రోజున తేలదు, తూకం వేసిన రోజే సగం తేలిపోతుంది, మన శక్తి అంతా ఆ తూకం మీద, ఆ కాగితాల మీద పెట్టాలి, చివర్లో దండం పెట్టడం మీద కాదు అని.

నేరం ఒప్పుకోవడం గురించి ఇంకొక్క మాట. బేరం కుదుర్చుకుని శిక్ష తగ్గించుకునే పద్ధతి, ప్లీ బార్గెయినింగ్, మన దేశంలోనూ ఉంది, కానీ ఏడేళ్ళకు మించి శిక్ష ఉన్న నేరాలకు అది వర్తించదు. కమర్షియల్‌కీ మధ్య మెట్టుకీ రెంటికీ కుదరదు. మధ్య మెట్టు కేసుల్లో కొందరు ముద్దాయిలు మామూలుగా నేరం ఒప్పుకుంటారు, దాన్ని చూసి కొందరు జడ్జిలు కాస్త మెత్తబడతారు, అది నిజమే. మీకు చెప్పిన మనిషి అలాంటి కేసేదో చూసి చెప్పి ఉంటారు.

మరి పదికీ ఇరవైకీ మధ్య ఎంత వేయాలన్నది ఎలా తేల్చుతారు? చట్టంలో 32బి అని ఒక సెక్షన్ ఉంది. కనీస శిక్ష కంటే ఎక్కువ వేయాలనుకుంటే కోర్టు ఏమేం చూడవచ్చో అందులో రాశారు. ఆయుధం వాడాడా, బెదిరించాడా, ప్రభుత్వ పదవిలో ఉండి దాన్ని వాడుకున్నాడా, మైనర్లను ఇందులోకి దింపాడా, స్కూలు, కాలేజీ లాంటి చోటనో వాటి పక్కనో చేశాడా, ముఠాలో భాగమా, దీని ఆసరాతో వేరే నేరాలు కూడా చేస్తున్నాడా. ఇవి కాక ఇంకేమీ చూడకూడదా అన్న ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2019లో రఫీక్ ఖురేషీ కేసులో, ఇవి మాత్రమే కాదు, దొరికిన పరిమాణం ఎంత పెద్దది అన్నది కూడా చూసుకోవచ్చు అని తేల్చారు. కాబట్టి 22 కేజీలకీ 220 కేజీలకీ ఒకే పదేళ్ళు పడుతుందని అనుకోకూడదు. కమర్షియల్ గీత కంటే ఎన్ని రెట్లు ఎక్కువ ఉందో చూసి పన్నెండు, పదిహేను వేయడం మామూలే. అంచుకు దగ్గరగా ఉండి, పాత శిక్షలు లేకపోతే, పైన చెప్పినవేవీ లేకపోతే సాధారణంగా పదేళ్ళ దగ్గర ఆగుతుంది.

పేదరికం గురించి చాలామంది అడుగుతారు. "కేవలం మోసేవాడు, ఇల్లు గడవక చేశాడు, ముసలి తల్లిదండ్రులు ఉన్నారు." 2021లో గురుదేవ్ సింగ్ కేసులో ఇదే వాదన వచ్చింది. అక్కడ దొరికింది కేజీ హెరాయిన్, అంటే కమర్షియల్ గీతకు నాలుగు రెట్లు. కింది కోర్టు పదిహేనేళ్ళు వేస్తే, నేను పేదవాణ్ణి, మోసేవాణ్ణి మాత్రమే, ఇంటికి నేనే ఆధారం, తగ్గించండి అన్నాడు. సుప్రీంకోర్టు తగ్గించలేదు. మత్తుమందు వల్ల సమాజానికి, ముఖ్యంగా కుర్రవాళ్ళకి జరిగే నష్టం ముందు ఆ కారణాలు నిలవవు అంది. ఆ మాటలో న్యాయం ఉంది, కాదనను. బానిసైపోయిన పిల్లల తల్లులు కూడా నా ఆఫీసులో కూర్చుని ఏడ్చారు. కానీ నాకు ఇప్పటికీ మింగుడుపడనిది ఒకటి ఉంది. ఏజెన్సీ నుంచి మూట మోసుకొచ్చినవాడు బోనులో ఉంటాడు, ఆ మూటకు డబ్బు పెట్టినవాడు ఎక్కడో ఉంటాడు. డబ్బు పెట్టినవాడికి 27ఎ సెక్షన్ కింద పది నుంచి ఇరవై ఏళ్ళు వేయాలని చట్టంలో స్పష్టంగా ఉంది, కానీ కేసు అక్కడిదాకా వెళ్ళడం నేను చూసింది చాలా అరుదు.

ఒకసారి నా క్లయింటు, కొండల్లో పుట్టిన కుర్రాడు, తెలుగు కూడా సరిగా రాదు. ఇద్దరు ముగ్గురితో కలిసి మూటలు మోస్తూ దొరికాడు, అన్నీ కలిపితే ముప్పై కేజీలకు పైన. రుజువైంది. శిక్ష మీద ఏమైనా చెప్పుకుంటావా అని జడ్జి గారు అడిగారు, వాడికి ప్రశ్నే అర్థం కాలేదు, నేను చెప్పాల్సిందంతా చెప్పాను. ఆయన చాలాసేపు కాగితాలు చూసి, "లాయర్ గారూ, మీరు చెప్పినవన్నీ నాకు కనపడుతున్నాయి, కానీ చట్టం నాకు చోటివ్వలేదు" అన్నారు. పదేళ్ళు. ఆ కేసులో మూటలన్నీ విడివిడిగా ఎవరి భుజం మీద ఎంత ఉందో తూచి రాసి ఉంటే, వాళ్ళు కలిసి కుట్ర చేశారని రుజువు కాకపోయి ఉంటే, ఎవరి బరువు వాళ్ళకే లెక్కయ్యేది, ఏ ఒక్కరిదీ 20 దాటేది కాదు. నేను ఆ కేసులోకి వచ్చేసరికి సాక్షుల క్రాస్, అంటే మన లాయరు వాళ్ళను ప్రశ్నించే ఘట్టం, అయిపోయింది. అందుకే మీరు నాలుగో నెలలోనే అడగడం మంచిదైంది.

ఇక మీ కేసుకు వస్తాను. 22 కేజీలు అంటే గీతకు 2 కేజీలు పైన. ఆ 2 కేజీలు ఎలా వచ్చాయో చూడాలి. మధ్యవర్తుల రిపోర్టు, అంటే సీజ్ చేసిన చోట రాసిన పంచనామా, దాని కాపీ తీసుకోండి. అందులో ప్యాకెట్లతో సహా తూచారా, ప్లాస్టిక్ కవరు, బ్రౌన్ టేపు, సంచి తీసేసి నికర బరువు రాశారా? చాలా పంచనామాల్లో "ఒక్కొక్కటి సుమారు 2 కేజీలు" అని ఉంటుంది. సుమారు అన్న మాట మీద మనిషికి పదేళ్ళు వేయకూడదు అని వాదించడానికి అది మొదటి మెట్టు. తర్వాత మేజిస్ట్రేటు ముందు మళ్ళీ తూచినప్పుడు ఎంత వచ్చింది, గోడౌన్ రిజిస్టర్లో ఎంత రాశారు, ఈ మూడూ కలుస్తున్నాయా అన్నది చూడండి.

రెండోది, గంజాయి అంటే ఏమిటి అన్నది. చట్టంలో గంజాయి అంటే ఆ మొక్క పూత లేదా కాయ ఉన్న కొనలు. కొనలు లేకుండా విడిగా ఉన్న ఆకులు, గింజలు గంజాయి కిందికి రావు. పంచనామాలో "ఆకులు, కాడలు, గింజలతో కూడిన ఎండు గంజాయి" అని రాసి ఉంటే, ఏది ఎంతో వేరుచేసి తూచకపోతే, 20 కేజీలు దాటిందని నమ్మకంగా చెప్పలేము అని హైకోర్టుల్లో బెయిలు ఇచ్చిన సందర్భాలు ఉన్నాయి. అన్ని బెంచీలూ ఒప్పుకోవు, కొనలతో కలిసి ఉన్న ఆకులు లెక్కలోకి వస్తాయి అనేవాళ్ళూ ఉన్నారు. అయినా మీ కేసులో 2 కేజీల తేడానే కాబట్టి ఈ వాదనకు బలం ఉంది. దీన్ని హెరాయిన్ లాంటి పొడులతో కలపకండి. అక్కడ పొడిలో అసలు మందు ఎంత శాతం అన్నదానితో పని లేదు, కలిపిన పిండితో సహా మొత్తం బరువే లెక్క, 2020లో హీరా సింగ్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జిల బెంచి తేల్చేసింది.

మూడోది శాంపిల్. సీజ్ చేసిన సరుకును మేజిస్ట్రేటు ముందు పెట్టి, ఆయన సమక్షంలో శాంపిల్ తీయాలి అని ఈ చట్టంలోని 52ఎ సెక్షన్ చెప్తుంది, 2016లో మోహన్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. రోడ్డు మీదే శాంపిళ్ళు తీసి పంపిన కేసులు ఆ తర్వాత కొన్ని కొట్టేశారు. కానీ ఇది ఒక్కటి చూపిస్తే కేసు పోతుందని నమ్ముకోవద్దు. ఈ మధ్య, 2024 చివర్లోను, 2025 మొదట్లోను, 52ఎ పాటించకపోయినంత మాత్రాన కేసు పడిపోదు, మిగతా సాక్ష్యం నమ్మదగ్గదిగా ఉందో లేదో చూడాలి అని సుప్రీంకోర్టే చెప్పింది. అలాగే సెక్షన్ 50, అంటే గజిటెడ్ ఆఫీసర్ ముందు తనిఖీ కోరుకునే హక్కు, దాన్ని చాలామంది మంత్రంలా చెప్తారు. అది ఒంటి మీద తనిఖీకే. డిక్కీలో సంచికి వర్తించదు, మీవాడి కేసులో దానివల్ల ఒరిగేది పెద్దగా ఉండదు.

నాలుగోది, నా లెక్కలో మీ తమ్ముడికి అన్నిటికంటే ముఖ్యమైనది, వాడికి తెలుసా తెలియదా అన్నది. ఏ3 అయినా శిక్ష దగ్గర తేడా ఉండదు, కుట్రలో భాగమని రుజువైతే 29 సెక్షన్ కింద అసలు నేరానికి ఎంతో అంతే పడుతుంది, డ్రైవర్ కదా అని సగం వేయరు. మామూలు కేసుల్లో పోలీసులే అన్నీ రుజువు చేయాలి. ఇక్కడ, సరుకు అతని ఆధీనంలో ఉందని వాళ్ళు రుజువు చేశాక, తెలియదని చూపించాల్సిన భారం ముద్దాయి మీద పడుతుంది, అది 35, 54 సెక్షన్లు. తెలియదు అని నోటితో అంటే చాలదు, కాగితం కావాలి. ఆ ప్రయాణం ఎలా బుక్ అయింది, యాప్‌లోనా, ఫోన్‌లోనా? ఏ1, ఏ2లతో అంతకుముందు ఫోన్ మాటలు ఉన్నాయా? కిరాయి మామూలు కిరాయేనా, అంతకు మించి ఖాతాలో పడిందా? సంచులు ఎవరు ఎక్కించారు, ఆ దగ్గర్లో కెమెరా ఉందా? కెమెరా రికార్డింగులు ఎక్కువ రోజులు ఉండవు, కాల్ రికార్డులూ కొంతకాలం పోతే దొరకవు, అవి భద్రపరచమని ఇప్పుడే కోర్టులో పిటిషన్ వేయించండి. నాలుగు నెలలు ఇప్పటికే పోయాయి.

పోలీసుల దగ్గర సంతకం పెట్టిన నేరాంగీకారం గురించి భయపడుతున్నారేమో. పోలీసుల ముందు ఒప్పుకున్నది సాక్ష్యంగా చెల్లదు. కేంద్ర సంస్థల అధికారుల ముందు ఇచ్చిన స్టేట్‌మెంట్ చెల్లుతుందని ఒకప్పుడు వాదించేవాళ్ళు, 2020లో తోఫాన్ సింగ్ కేసుతో ఆ తలుపు కూడా మూసుకుంది.

బెయిలు ఎందుకు రావట్లేదు అంటారు. కమర్షియల్ కేసుల్లో 37 సెక్షన్ అడ్డు. ముద్దాయి తప్పు చేయలేదని నమ్మడానికి కారణాలు ఉన్నాయనీ, బయటికి వెళ్తే మళ్ళీ నేరం చేయడనీ కోర్టు తృప్తి చెందాలి. విచారణ లేకుండా ఏళ్ళ తరబడి జైల్లో ఉంటే సుప్రీంకోర్టు ఇచ్చిన సందర్భాలున్నాయి, కానీ మీరు దానికోసం ఆగక్కరలేదు, ముందు రిమాండ్ తేదీ నుంచి 180 రోజులు లెక్కపెట్టండి. ఆ లోపు ఛార్జిషీటు వేయకపోతే, పీపీ, అంటే ప్రభుత్వ లాయరు, ఇచ్చిన రిపోర్టు మీద కోర్టు గడువు పొడిగించకపోతే, బెయిలు హక్కుగా వస్తుంది. పొడిగిస్తే ఏడాది దాకా వెళ్ళవచ్చు. గడువు ముగిసిన మర్నాడు పొద్దున్నే బెయిలు పిటిషన్ పడాలి. మీరు పిటిషన్ వేసేలోపు వాళ్ళు ఛార్జిషీటు వేసేస్తే ఆ హక్కు పోయినట్టే.

ఒకవేళ రుజువై శిక్ష దాకా వెళ్తే, తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. రిమాండ్‌లో గడిపిన ప్రతి రోజూ శిక్షలోంచి తీసేస్తారు. కానీ సత్ప్రవర్తనకు జైల్లో మామూలుగా వచ్చే రెమిషన్, అంటే శిక్షలో తగ్గింపు, ఈ చట్టం కింద శిక్ష పడ్డవాళ్ళకు రాదు, 32ఎ అడ్డు, కాబట్టి పదేళ్ళంటే దాదాపు పదేళ్ళే. పెరోల్‌కి మాత్రం ఆ సెక్షన్ అడ్డు కాదని 2000లోనే సుప్రీంకోర్టు చెప్పింది, అప్పీలు నడుస్తుండగా శిక్ష నిలిపేసే అధికారం కోర్టులకు ఉందని కూడా అదే తీర్పులో చెప్పింది. జరిమానా లక్ష కట్టలేకపోతే అదనంగా ఎన్ని నెలలు అన్నది తీర్పులో రాస్తారు, దాని మీద చాలామంది లాయర్లు నోరు మెదపరు. 2007లో శాంతిలాల్ కేసులో జరిమానా కట్టనందుకు వేసిన మూడేళ్ళను సుప్రీంకోర్టు ఆరు నెలలకు తగ్గించింది. పదేళ్ళు గడిపిన పేదవాడు లక్ష లేక ఇంకో మూడేళ్ళు లోపల ఉండటం ఎంత ఘోరమో ఆలోచించండి, దీని కోసం తప్పకుండా అడగాలి.

శిక్ష ఎంత వేయాలన్న దాని మీద వాదన చాలా చోట్ల అయిదు నిమిషాల్లో అయిపోతుంది. తొందరపడనివ్వొద్దు, అవసరమైతే ఒక్క వాయిదా అడగమనండి. వయసు రుజువు, ఇంతకుముందు శిక్ష పడిన కేసు ఏదీ లేదన్న విషయం, జైల్లో ప్రవర్తన సర్టిఫికెట్, తల్లిదండ్రుల వైద్యం కాగితాలు, అన్నీ రికార్డులోకి ఎక్కాలి. కమర్షియల్‌లో ఇవి పదేళ్ళ కిందికి దించలేవు, పదిహేను కాకుండా పది దగ్గర ఆపడానికి పనికొస్తాయి. బరువు 20 లోపు అని తేలితే మాత్రం ఈ కాగితాలే అంతా, అప్పుడు జడ్జి చేతులు కట్టేసి ఉండవు, చిన్న వయసు, మొదటి తప్పు, తన పాత్ర ఎంత, ఎంతకాలం లోపల ఉన్నాడు అన్నీ చూస్తారు. మామూలు నేరాల్లో లాగా ప్రొబేషన్ మీద, అంటే జైలుకు పంపకుండా మంచి నడవడిక షరతు మీద వదిలేయడం మాత్రం ఈ చట్టంలో పద్దెనిమిదేళ్ళ లోపువాళ్ళకు, వాడకం లాంటి చిన్న సెక్షన్లకు తప్ప లేదు.

పాత కేసు ఉంది కాబట్టి శిక్ష రెట్టింపవుతుందా అని కూడా అడిగారు, మీ తమ్ముడి మీద మూడేళ్ళ కిందటి కొట్లాట కేసు ఒకటి ఉందని. కాదు. ఈ చట్టం కింద ఇంతకుముందు శిక్ష పడి ఉంటేనే 31 సెక్షన్ వస్తుంది, అప్పుడు గరిష్ఠ శిక్ష ఒకటిన్నర రెట్లు దాకా పెరుగుతుంది. కొట్లాట కేసుకీ దీనికీ సంబంధం లేదు.

లాయరు ఫీజు భరించలేకపోతున్నాం అన్నారు. కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇవ్వాలి, జైలు నుంచే దరఖాస్తు పెట్టించవచ్చు. అక్కడ మంచి లాయర్లు ఉంటారు, మీరు వెంటపడి కాగితాలు అందించాలంతే. ముందు రేపు ఎఫ్ఐఆర్, మధ్యవర్తుల రిపోర్టు, రిమాండ్ రిపోర్టు కాపీలు తీయించండి. పేర్లు, ఫోన్ నంబర్లు ఇక్కడ పెట్టకండి, కానీ ప్యాకెట్లు ఎన్ని, ఒక్కొక్కదాని బరువు ఎలా రాశారు, ఆకులు, కాడల మాట ఉందా, శాంపిల్ ఎక్కడ తీశారు, రిమాండ్ తేదీ ఏది అన్న అయిదు విషయాలు రాయండి, చూసి చెప్తాను.